ఉపకార వేతనం ఎవరి చేతికి?

(విజయవాడలో పీజీ విద్యార్థినుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సు నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'విశ్వవిద్యాలయాల్లో పీజీ విద్యార్థినులకు ఉన్న ఆర్థిక సహాయ అవకాశాలు'. పథకాల పేర్లు, అర్హతలు చదివేసి కూర్చోవచ్చు. అవీ చెబుతాను, అవసరం కనుక. కాని అలాంటి జాబితాలు మీలో చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్నాయి. జాబితా ఉండి కూడా ఎం.ఏ. మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయి రెండో సంవత్సరానికి ఎందుకు రావడం లేదు? నేను మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నది దీని గురించి.

ముందు ఒక మాట గురించి. స్కాలర్‌షిప్పుని మనం తెలుగులో 'ఉపకార వేతనం' అంటాం. ఈ మాటలోనే ఉంది తిరకాసంతా. వేతనం అంటే హక్కుగా రావలసింది. ఉపకారం అంటే ఒకరు దయతలిచి చేసేది. ఈ రెంటినీ కలిపి ఒక్క మాట చేశాం. ఇచ్చే వాళ్ళు ఉపకారాన్ని గుర్తుపెట్టుకుంటారు, వేతనాన్ని మర్చిపోతారు. పుచ్చుకునే అమ్మాయి కూడా అది తన హక్కని అనుకోదు. ఆలస్యమైతే అడగదు. ఆగిపోతే తన ఖర్మ అనుకుంటుంది.

స్త్రీ విద్య ఈ కృష్ణా తీరానికి కొత్త సంగతి కాదు. పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన బండారు అచ్చమాంబ బడికి వెళ్ళి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతని దగ్గర నేర్చుకుంది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి స్త్రీల సమాజం పెట్టింది. తమ్ముడికి చదువు మీద పెట్టిన ఖర్చులోంచి ఆమెకు మిగులు దక్కింది, అంతే. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చాలా ఇళ్ళలో ఆడపిల్ల పైచదువు మగపిల్లవాడి చదువుకి ఖర్చుపెట్టగా మిగిలిన దాంతోనే సాగుతోంది.

"ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువ చదువుతున్నారు కదా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. దేశం మొత్తం మీద పీజీ తరగతుల్లో అబ్బాయిల కన్నా అమ్మాయిలే ఎక్కువగా ఉన్నారని కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వేలే చూపించాయి. కాని ఎందుకున్నారో కూడా చూడాలి. డెల్టాలో కాస్త పొలం ఉన్న కుటుంబం కొడుకుని ఇంజనీరింగు చదివించి, ఆ పొలం మీదే అప్పు తెచ్చి అమెరికా ఎం.ఎస్.కి పంపుతుంది. అదే ఇంట్లో కూతురు ఎం.ఏ., ఎం.కాం., ఎమ్మెస్సీల్లో చేరుతుంది. ఖర్చు తక్కువ, సంబంధం కుదిరేదాకా ఖాళీగా కూర్చోకుండా ఉంటుంది. ఈమధ్య కూతుళ్ళని కూడా విదేశాలకు పంపుతున్నవాళ్ళు లేకపోలేదు. కాని లెక్క వేసేటప్పుడు కొడుకు చదువుని పెట్టుబడి పద్దులో రాస్తారు, కూతురి చదువుని ఖర్చు పద్దులో రాస్తారు. అందుకే అమ్మాయిల సంఖ్యను చూసి సంతోషించే ముందు, ఆ అమ్మాయి చదువు ఎంత సన్నటి దారం మీద వేళ్ళాడుతోందో చూడాలి. ఆ దారం పేరే ఆర్థిక సహాయం.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మన దేశంలో 1944లో మొదలయ్యాయి. 1948లో తెగల విద్యార్థులకూ విస్తరించాయి. తరవాత బి.సి.లకు, ఇతరులకు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2019 తరవాత అది విద్యా దీవెన అయింది, హాస్టలు ఖర్చులకిచ్చేది వసతి దీవెన అయింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ పాత పేర్లకే వచ్చాయి: ట్యూషన్ ఫీజు చెల్లింపు, మెయింటెనెన్స్ ఫీజు చెల్లింపు. పేర్లెలా మారినా పీజీ విద్యార్థిని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరికిస్తారు? ఎప్పుడిస్తారు? ఎవరి చేతికిస్తారు?

మొదటిది, ఎవరికి? 2020 డిసెంబరు 25న జి.ఓ. 77 వచ్చింది. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు చెల్లింపు ఉండదని, విశ్వవిద్యాలయ కళాశాలల్లో, ప్రభుత్వ కళాశాలల్లో చదివేవారికే ఉంటుందని దాని సారాంశం. ఆ ఉత్తర్వు ఆడా మగా తేడా ఏమీ చూపలేదు. కాని దాని దెబ్బ ఎవరికి తగిలిందో ఆలోచించండి. విజయవాడలో పీజీ కోర్సులు ఎక్కువగా ఉన్నవి ప్రైవేటు కళాశాలల్లోనే. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది, అది ఉన్న మచిలీపట్నం ఇక్కడికి డెబ్భై కిలోమీటర్ల దూరం. నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నుంచీ ఉంది, గుంటూరు దారిలో. తిరువూరు అవతల పల్లెలోనో, కైకలూరు అవతల చేపల చెరువుల మధ్యనో ఉన్న అమ్మాయికి రెండూ దూరమే. అబ్బాయికి దూరం అంటే కిలోమీటర్లు. అమ్మాయికి దూరం అంటే హాస్టలు, హాస్టలు అంటే ఇంట్లో వాళ్ళ అనుమతి. 'సాయంత్రానికి ఇంటికి వచ్చేటట్టయితేనే చదువు' అనే షరతు మీద చేరిన అమ్మాయికి ఊరికి దగ్గర ఉన్న ప్రైవేటు కళాశాలే దిక్కు. సహాయం ఆగింది సరిగ్గా అక్కడే. ఆ ఉత్తర్వును రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్ళ తరబడి ఆందోళన చేశాయి. 2024 ఎన్నికల ముందు అది వాగ్దానంగానూ మారింది. మీ చెల్లెళ్ళు ఎక్కడైనా పీజీలో చేరబోతుంటే ఒక పని చేయించండి. ఆ సంవత్సరానికి, ఆ కళాశాలకు, ఆ కోర్సుకు ఫీజు చెల్లింపు వర్తిస్తుందా లేదా అన్నది చేరేముందే కాగితం మీద రాయించుకోమనండి. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సయితే మరీ ముఖ్యం. 'వస్తుందిలే అమ్మా' అన్న మాట రెండో సంవత్సరం నాటికి ఎవరికీ గుర్తుండదు.

దూరవిద్యలో చదివేవారికి రాష్ట్ర పథకం వర్తించదు. దూరవిద్యలో చేరేదెవరు? పెళ్ళయి, చంటిబిడ్డతో ఉండి, మళ్ళీ పుస్తకం పట్టిన స్త్రీలు అందులో ఎంతమందో మీకు తెలుసు. రెగ్యులరుగా చదివేవారికి 75 శాతం హాజరు ఉండాలి. న్యాయంగానే కనిపిస్తుంది. కాని అమ్మకు ఆపరేషనయితే, అక్క పురిటికి వస్తే, నానమ్మ మంచం పడితే కాలేజీ మానేది ఇంట్లో ఎవరు? ఇంటి చాకిరీ లెక్కలోకి రాదు, దానివల్ల పోయిన హాజరు మాత్రం లెక్కలోకి వస్తుంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యు.జి.సి. 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలను కోరింది. మీ కళాశాలలో ఆ నిబంధనలు చేశారా అని అడగండి. అడిగేదాకా ఎవరూ చెప్పరు.

రెండో ప్రశ్న, ఎప్పుడు? నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. ఏ ప్రభుత్వం వచ్చినా బకాయి అన్న మాట పోలేదు. ఒక ఏడాది రావలసింది మరుసటి ఏడాది వస్తుంది. 'ఆలస్యమైనా వస్తుంది కదా' అంటారు అధికారులు. అబ్బాయి విషయంలో ఆలస్యం అంటే అప్పు, లేదా ఏ డెలివరీ పనో చేసుకుని నెట్టుకురావడం. అమ్మాయి విషయంలో ఆలస్యం అంటే పెళ్ళి. ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె చదువుకి ఇంట్లో ఒక పోటీ ఉంటుంది. సంబంధాలు వస్తూనే ఉంటాయి. ఫీజు గడువు వచ్చి, స్కాలర్‌షిప్పు రాక, కట్టకపోతే హాల్ టిక్కెట్టు ఇవ్వమని కళాశాల అన్న రోజున ఆ పోటీలో చదువు ఓడిపోతుంది. పరిశోధన పనిమీద గుడివాడ, పెడన, అవనిగడ్డ వైపు తిరిగినప్పుడు, చదువు మధ్యలో ఆపేసిన స్త్రీలతో మాట్లాడాను. 'డబ్బులేక ఆపేశాను' అని సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ. 'ఆ ఏడాది ఫీజు రాలేదు, ఈలోగా సంబంధం కుదిరింది' అని చెప్పినవాళ్ళే ఎక్కువ. ఆ 'ఈలోగా' అన్న మాటను ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడా రాయరు. ఆ డబ్బు ఏడాది తరవాత వచ్చే ఉంటుంది, కాగితాల మీద ఆమె లబ్ధిదారే. ఆమె మాత్రం అత్తగారింట్లో ఉంటుంది.

పైగా సర్టిఫికెట్లు. ఫీజు రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే కళాశాలలున్నాయి. ఒరిజినల్స్ దగ్గర ఉంచుకోకూడదని యు.జి.సి. 2018 అక్టోబరులో స్పష్టంగా ప్రకటించింది. ప్రభుత్వం చేసిన జాప్యానికి విద్యార్థిని కాగితాలు తాకట్టు కావడం ఏ న్యాయం?

మూడో ప్రశ్న, ఎవరి చేతికి? 2021 ఏప్రిల్ నుంచి ఫీజు డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఆ పద్ధతిని తప్పుపట్టి, కళాశాలకే చెల్లించాలని తీర్పు చెప్పారు. తరవాత తల్లీ విద్యార్థీ కలిసి తెరిచే ఉమ్మడి ఖాతాలు వచ్చాయి. 2024 తరవాత కళాశాల ఖాతాకే వేసే పద్ధతికి తిరిగి వచ్చారు. తల్లి ఖాతా అన్నప్పుడు మనలో కొందరం సంతోషించాం. స్త్రీ చేతికి డబ్బు వస్తుందనుకున్నాం. కాని ఖాతా ఎవరి పేరున ఉన్నదన్నది ఒకటి, డబ్బు ఎవరి అధీనంలో ఉన్నదన్నది మరొకటి. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? ఎరువుల కొట్టు బాకీ, కౌలు డబ్బు, డ్వాక్రా వాయిదా ముందుకొచ్చినప్పుడు ఆ తల్లి ఏది ముందు తీర్చగలదు? ఆమెను తప్పుపట్టడం కాదు. పేదరికాన్ని నెట్టుకొచ్చే బాధ్యత ఆమె మీదే వేసి, ఆ డబ్బుకూ ఆమెనే కాపలా పెట్టడం గురించి మాట్లాడుతున్నాను. ఇన్ని మార్పుల్లోనూ ఒక్క సంగతి గమనించండి. కళాశాలా, తల్లా అన్న వాదనే జరిగింది కాని, ఓటు హక్కున్న, ఇరవై రెండేళ్ళ విద్యార్థిని ఒక్కతే తన హాస్టలు ఖర్చుకు వచ్చే డబ్బును తీసుకోగల మనిషి అన్న మాట ఎవరి నోటా గట్టిగా రాలేదు.

దీనికి మూలం ఆదాయ ధ్రువపత్రంలో ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. 2019 నిబంధనల ప్రకారం మాగాణి పదెకరాల లోపు ఉండాలి, కారు ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. అన్నిటికీ 'కుటుంబమే' కొలమానం. ఆ కుటుంబంలో ఆమె స్థానమేమిటి? మన రాష్ట్రం 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. దేశానికంతటికీ ఆ సవరణ 2005లో గాని రాలేదు. కాని డెల్టాలో ఎన్ని ఇళ్ళలో కూతురికి ఆ వాటా పొలంగా దక్కింది? 'కట్నం ఇచ్చాంగా' అంటారు. పంచుకోని ఆ పొలం ఆమె స్కాలర్‌షిప్పు లెక్కలోకి వస్తుంది, అన్నదమ్ముల పంపకాల లెక్కలోకి మాత్రం ఆమె రాదు.

పెళ్ళయితే? పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల కేంద్ర మార్గదర్శకాల్లో చాలాకాలం ఒక వాక్యం ఉండేది. తల్లిదండ్రుల ఆదాయం చూడాలి, ఉద్యోగం లేని వివాహిత విద్యార్థిని అయితే భర్త ఆదాయం చూడాలి. పెళ్ళయిన విద్యార్థి గురించి అలాంటి వాక్యం లేదు. అతనికి పెళ్ళయినా అతను తన తండ్రి కొడుకే. ఆమె మాత్రం ఒక ఖాతాలోంచి మరో ఖాతాకు బదిలీ అయిపోతుంది. భర్త వదిలేసిన అమ్మాయి సంగతి ఇంకా ఘోరం. సచివాలయం రికార్డులో ఆమె ఇంకా ఆ ఇంటి మనిషే. చదువు మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆమె తన్ని వెళ్ళగొట్టిన వాడి ఆదాయం కాగితం తెచ్చుకోవాలి.

ఇప్పుడు మీకు పనికొచ్చే వివరాలు కొన్ని.

యు.జి.సి. 2023లో పీజీ చదువులకు ఒక జాతీయ స్కాలర్‌షిప్పు మొదలుపెట్టింది. నెలకు 15 వేలు, ఏడాదికి పది నెలలు. దేశం మొత్తానికి పదివేల మందికి. అందులో 30 శాతం స్త్రీలకు. వయసు ముప్ఫై దాటకూడదు, రెగ్యులరు కోర్సులో మొదటి సంవత్సరంలో ఉండాలి, డిగ్రీ మార్కులను బట్టి ఎంపిక. ఇంట్లో ఒకే ఆడపిల్ల అయితే పీజీకి విడిగా ఉన్న ఇందిరాగాంధీ స్కాలర్‌షిప్పు ఏడాదికి 36,200 రూపాయలుండేది, అది ఈ కొత్త పథకంలో కలిసిపోయింది. పాత పేరు కోసం వెతికి 'లేదు' అనుకోకండి. ఒకే ఆడపిల్ల పిహెచ్.డి. చేస్తుంటే సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ చూడండి.

పరిశోధనకు నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, తరవాత 42 వేలు. ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్పులు విడిగా ఉన్నాయి. ముస్లిం మైనారిటీ విద్యార్థినులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. మచిలీపట్నంలో, విజయవాడ పాతబస్తీలో పైచదువుకు ఆశపడ్డ అమ్మాయిలకు అది పెద్ద దెబ్బ. నెట్ లేకుండా పరిశోధన చేసేవారికి యు.జి.సి. ఇచ్చే నెలకు 8 వేలు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనే ఇచ్చారు. దాన్నీ తీసేయబోతే 2015 అక్టోబరులో ఢిల్లీలో విద్యార్థులు యు.జి.సి. ముందు బైఠాయించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివే మన పిల్లలకు పోరాడి నిలుపుకోవడానికి ఆ 8 వేలు కూడా లేవు. పిహెచ్.డి. చేసే స్త్రీలకు గడువులో రెండేళ్ళ సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు 2016 నిబంధనల నుంచీ ఉన్నాయి. గైడు దయ కాదిది, నిబంధన.

బ్యాంకు రుణం సంగతి. 4 లక్షల దాకా విద్యారుణానికి తాకట్టుగాని, మూడో మనిషి హామీగాని అవసరం లేదు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే హామీదారు లేకుండానే ఇస్తారు. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. మామూలు రుణానికి తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి, పెళ్ళయితే భర్త లేదా అత్తమామలు కూడా పెట్టవచ్చు. కొడుకు రుణానికి సంతకం పెట్టే తండ్రి కూతురి రుణానికి 'రేపు పెళ్ళయ్యాక ఎవరు తీరుస్తారు?' అంటాడు. బ్యాంకు మేనేజరూ అదే అడుగుతాడు. కూతురి ఉద్యోగం, జీతం ఇంకొక ఇంటి సొత్తని ఇద్దరికీ ముందే తెలుసు మరి.

ఇంత చెప్పాక, ఇది ఇలాగే ఉండాలా, వేరే దారి లేదా అనిపించవచ్చు. ఉంది, మన కళ్ళ ముందే ఉంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఉయ్యూరులో బస్సెక్కిన అమ్మాయిని మీ నాన్న ఆదాయమెంత, పొలం ఎన్నెకరాలు, పెళ్ళయిందా అని కండక్టరు అడగడు. గుర్తింపు కార్డు చూసి సున్నా టిక్కెట్టు ఇస్తాడు. తరవాతెప్పుడో రీయింబర్స్ చేస్తామని ముందు డబ్బు కట్టించుకోడు. ఆ పథకంలో లోపాలుండవచ్చు, బస్సులు చాలకపోవచ్చు. కాని సహాయం నేరుగా, సమయానికి, ఆమెను ఒక మనిషిగా గుర్తించి అందించడం ప్రభుత్వానికి చేతనవునని అది రుజువు చేసింది. బస్సు దగ్గర చేతనైనది కళాశాల గేటు దగ్గర ఎందుకు చేతకాదు?

అందుకని ఈ సదస్సు ముందు కొన్ని డిమాండ్లు పెడుతున్నాను, చర్చించండి. ఫీజు మొదటి విడత ఆ సెమిస్టరు పరీక్షలకు ముందే చెల్లించాలి. ప్రభుత్వ బకాయిల పేరుతో హాల్ టిక్కెట్లు, సర్టిఫికెట్లు ఆపకూడదు. మెయింటెనెన్స్ డబ్బు విద్యార్థిని సొంత ఖాతాలోనే పడాలి. వివాహిత, భర్త నుంచి విడిపోయిన, ఒంటరి స్త్రీల విషయంలో ఆమె సొంత ఆదాయాన్నే లెక్కించాలి. ప్రైవేటు కళాశాలల్లో చదివే పేద పీజీ విద్యార్థినులకు హామీగా సహాయం ఉండాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పరిశోధకులకు రాష్ట్రమే ఫెలోషిప్ ఇవ్వాలి.

డిమాండ్లు రాసుకుని ఇళ్ళకు వెళితే సరిపోదు. మన కళాశాలల్లో పీజీ ఫీజు బకాయి ఎంత, ఏ ఏడాదిది, ఎంతమంది విద్యార్థినులది అని జిల్లా సాంఘిక సంక్షేమ, బి.సి. సంక్షేమ కార్యాలయాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడదాం. దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకి గడువు ముప్ఫై రోజులు. అడ్మిషన్ల నెలల్లో సంఘం తరఫున వారానికి ఒకరోజు ఇద్దరు కూర్చుని కాగితాల పనిలో అమ్మాయిలకు సాయపడదాం. ఇంకొకటి, మొదటి సంవత్సరంలో మీ పక్కన కూర్చుని రెండో సంవత్సరంలో కనిపించని అమ్మాయిల పేర్లు రాయండి. ఎందుకు రావడంలేదో వెళ్ళి కనుక్కోండి. ఆ పేర్ల జాబితా ఏ ప్రభుత్వమూ తయారు చేయలేదు. మనం తయారు చేద్దాం. దాన్ని పట్టుకునే కలెక్టరు దగ్గరికి వెళదాం.

సెలవు.